గాలి లాగే డబ్బా

9 జూన్ 2024, ఆదివారం

చదివేశాను. చదవకుండా ఉండాల్సింది అని ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో పేడ కొడతాను. పేడకి ఈ ఇంట్లో కొదవ లేదు.

బావ నిన్న సాయంత్రం కాట్టుపల్లి నుంచి వచ్చాడు. బావ అంటే నన్ను కట్టుకున్న ముకేశ్ మహారాజు. షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డింగు, పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తాడు. వచ్చిన దగ్గర్నుంచి తినడం, నిద్రపోవడం, మళ్ళీ తినడం. ఇవాళ స్నానానికి పోతూ ఫోన్ నా చేతిలో పెట్టి టీవీకి రీచార్జ్ చెయ్యమన్నాడు. తెరిస్తే వాట్సాప్‌లో కోకిల వదిన చాట్ అట్లాగే ఉంది. వదిన బావకి అక్క, బార్డరు దాటి తెలుగు పక్క నగరిలో ఇచ్చారు. ఆమె టైప్ చెయ్యదు, అన్నీ వాయిస్‌లే. బావ టైప్ చేస్తాడు. మాటలు తెలుగే, అక్షరాలు మాత్రం అరవం. ఈ ఇంట్లో అందరూ అంతే, తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరం మొహం చూడలేదు. నేనొక్కదాన్నే పది దాకా తెలుగు మీడియం. అందుకే ఈ డైరీని దాచిపెట్టే పని కూడా లేదు, అత్త దీని మీద కాఫీ గ్లాసు పెడుతుంది.

వదిన వాయిస్ కింద బావ జవాబు ఉంది. "మంజుకి ఇంకా మార్బు రాలేదు. నేనేం చేసేది."

మార్బు. అరవంలో రొమ్ము. మంజు అంటే నేను.

ఇరవై ఎనిమిదేళ్ళ ఆడదానికి ఇంకా రాలేదట! వస్తుందేమోనని అక్కా తమ్ముడూ కూచుని కనిపెట్టుకుని ఉన్నారు, తిరుత్తణి బస్సు కోసం కనిపెట్టుకున్నట్టు. కింద వదిన పెట్టిన నవ్వు బొమ్మ ఒకటి.

వాయిస్ విందామనుకునేలోపు బాత్రూం తలుపు చప్పుడైంది. రీచార్జ్ చెయ్యలేదు. డబ్బు పోవడం లేదు, సర్వర్ డౌన్ అని చెప్పాను. టీవీ లేక అత్త సీరియల్ పోయింది. పోనీ.

10 జూన్

బావ పోయాడు. పాలు పితికాను. ఎవ్వరితోనూ మాట్లాడలేదు, ఎవ్వరూ గమనించలేదు.

14 జూన్

నాకు తెలియని విషయమేమీ కాదు. స్కూల్లో నా పేరు కేరం బోర్డు. పెళ్ళికి జాకెట్లు కుట్టిన ఆవిడ గుడ్డ మిగిలిందమ్మా అని నలుగురిలో చెప్పింది. అత్త చంద్రావతి, పెళ్ళైన మూడో రోజే, నన్ను పైనుంచి కింది దాకా చూసి, మా ఇంట్లో తిండికి లోటు లేదులే, ఒళ్ళు పడతావు అనింది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఊళ్ళోవాళ్ళు అంటే ఒక ఎత్తు. కట్టుకున్నవాడు అక్కకి రిపోర్టు పంపడం ఇంకో ఎత్తు.

అడగొచ్చు కదా అని నా మనసే నన్ను అడుగుతుంది. అడిగితే ఏమవుతుంది? నా ఫోన్ చూసినావా అని మొదలుపెడతాడు. అత్త వస్తుంది, మామ వస్తాడు, నా రొమ్ముల మీద పంచాయతీ కూచుంటుంది. ఛీ.

అడగను. చూపిస్తాను.

ఫోన్‌లో ఒకటి వెతికితే వంద వచ్చాయి. ఒకావిడ అరవంలో చెప్తుంది, గిన్నె లాంటిది పెట్టుకుని లోపలి గాలి లాగేస్తే ఒళ్ళు ఆ ఖాళీలోకి పెరిగి వస్తుందట. సైన్సట. కొనే మిషను కూడా ఉంది. వద్దు, కొరియర్ వస్తే ముందు అత్త చేతికే పోతుంది, కత్తిపీటతో కోసి చూస్తుంది. కింద కామెంట్లలో ఇంట్లోనే చేసుకున్నామని చెప్పినవాళ్ళు బోలెడుమంది. చెంబులు, సీసాలు, సిరంజీలు. ఈ దేశంలో ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట తలుపులేసుకుని ఏం చేస్తున్నారో ఇప్పుడు తెలిసింది.

మా నాయనకి తిరువళ్ళూరులో సైకిల్ షాపు ఉండేది. పంపులో వాషర్ తిరగేసి బిగిస్తే అది గాలి కొట్టదు, లాగుతుంది. చిన్నప్పుడు ఆ పంపు నోటికి అరచెయ్యి అతుక్కుంటే నేనూ మా నాయనా నవ్వుకునేవాళ్ళం. మామ పంపు తీశాను. మాగాయ ప్లాస్టిక్ డబ్బా ఒకటి కడిగాను. ఎంత కడిగినా ఆవపిండి వాసన పోలేదు. మిగతాది ఇక్కడ రాయను, నాకే సిగ్గుగా ఉంది.

20 జూన్

వాషర్ మళ్ళీ సరిగ్గా బిగించడం మరిచిపోయాను. మామ వరదయ్య పొద్దున్నే సైకిల్‌కి గాలి కొట్టడానికి కూచున్నాడు. ఎంత కొట్టినా టైరు లేవదు. పంపుకి ఊపిరి పోయిండాదే అని అత్తని కేకేశాడు. అత్త వచ్చి, మీకే లేదు, పంపుకి యాడనుంచి వస్తాది అనింది. వీధిలో ఇద్దరు నిలబడి సలహాలు ఇచ్చారు. నేను పేడ తట్ట ఎత్తుకుని వాళ్ళ మధ్య నుంచే పోయాను.

23 జూన్, ఆదివారం

తీసిన వెంటనే పెద్దదిగానే కనబడుతుంది. ఎర్రగా, ఉబ్బి, వేరే ఎవరివో అన్నట్టు ఉంటుంది. సాయంత్రం పాలు పితికే లోపల మళ్ళీ మామూలే. అయినా నిన్న బావ వచ్చే టైముకి లెక్కపెట్టుకుని చేసుకున్నాను. బిగుతు జాకెట్ వేసుకున్నాను. ఎదురుగా నిలబడి పెసరట్టు వడ్డించాను.

పెసరట్టు బాగుందన్నాడు.

తర్వాత నా మొహం చూసి, ఏంది మళ్ళీ కోపంగా ఉండావు అన్నాడు. నా మొహమే అంత అన్నాను. ఆ మాట వదినతో చెప్పుకోవడానికి కాబోలు, ఫోన్ తీసుకుని మిద్దె మీదికి పోయాడు.

4 జూలై

పంపు చాలదు. చెయ్యి నొప్పి తప్ప లాభం లేదు.

పాకలో పాల మిషను ఉంది. మోటారు ఉంది, గాలి లాగే గొట్టం ఉంది, ఎంత లాగుతుందో చూపించే ముల్లు ఉంది. ఆరు ఆవులకి పొద్దునా సాయంత్రం నేనే తగిలించాలి, నువ్వు చదువుకున్నావు గదా మిషను నీకే తెలుస్తాది అని పెళ్ళైన వారానికే అంటగట్టారు. చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకో వాడకం కనిపెట్టాను. ఆవుకి పెట్టే రబ్బరు కప్పులు తీసేసి ఆ గొట్టానికి నా డబ్బా. మధ్యాహ్నం అత్తా మామా కునుకు తీస్తారు. మోటారు చప్పుడుకి లేస్తే మిషను కడుగుతున్నానని చెప్పొచ్చు. రోజూ ఇంత శుభ్రంగా కడిగే కోడలు దొరకడం అత్త పూర్వజన్మ సుకృతం.

ఇది సైకిల్ పంపు లాంటిది కాదు. పట్టుకుంటే వదలదు. నొప్పి పుట్టింది. నొప్పి పుడితే పని చేస్తున్నట్టే అని ఆ వీడియో ఆవిడ చెప్పింది.

17 జూలై

ఆడి నెల మొదలు, అరవవాళ్ళ ఆషాఢం. కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. మా అమ్మ సుబ్బమ్మ తిరువళ్ళూరు నుంచి చీరా పళ్ళూ పట్టుకుని నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. అత్త కాఫీ ఇచ్చి, ఆచారం మనుషులకు గదా వదినా, ఆవులకు ఆడి లేదు అనింది. అమ్మ చీర ఇచ్చి వెళ్ళిపోయింది. అమ్మ మీద కూడా కోపంగా ఉంది.

22 జూలై

చుక్కావుకి పొదుగు వాచింది. పాలలో గడ్డలు, చారలుగా రక్తం. అత్త గుండెలు బాదుకుంది. మామ ఫోన్ చేసిన గంటలోపు పశువుల డాక్టరు బండి మీద వచ్చేశాడు. చూసి, గాలి మరీ ఎక్కువ పెట్టి లాగినారు, ముల్లు చూసుకోరా అని అడిగాడు.

ముల్లు జరిపింది నేనే. నిన్న మధ్యాహ్నం నా కోసం పెంచాను, మళ్ళీ తగ్గించడం మరిచిపోయి సాయంత్రం దానికి తగిలించాను. అది కాలు విదిలిస్తే నేను దాన్నే తిట్టాను.

డాక్టరు పోయాక అత్త నా మీద పడింది. పొదుగు అనుకున్నావా, రబ్బరు అనుకున్నావా అనింది. పాపం నోరులేని జీవం, నొప్పి అని చెప్పుకోలేదు గదా అనింది. వేడినీళ్ళ కాపడం పెట్టమనింది. పెట్టాను. కాపడం పెడుతుంటే నాకూ అక్కడే సలుపు మొదలైంది. గుడ్డ ఇంకోసారి ముంచి, అటూ ఇటూ చూసి, జాకెట్ మీద నాకూ పెట్టుకున్నాను. చుక్కావు నా వైపే చూస్తూ నెమరేసింది.

25 జూలై

ఆపెయ్యాలి అనుకున్నాను. రెండు రోజులు ఆపాను కూడా. మూడో రోజు బావ ఫోన్ చేసి, చుక్కావుకి ఎట్లుండాది అని అడిగి పెట్టేశాడు.

29 జూలై, ఆడి కృత్తిక

తిరుత్తణి అంతా కావళ్ళే. మా ఊరి రోడ్డు మీద కూడా పొద్దుట్నుంచి పసుపు గుడ్డలు, హరోహరలు. బావ లీవు పెట్టి వచ్చి మరీ కావడి ఎత్తాడు. అత్త, మామ, నగరి నుంచి వదిన, అందరూ కొండకి పోయారు. నన్ను ఉండమన్నారు, ఆవుల కోసం. పోతూ పోతూ వదిన నా గడ్డం పట్టుకుని, నీ కోసమే మొక్కినాడమ్మా వాడు అని కన్ను గీటింది.

నా కోసం! దేవుడి దాకా తీసుకుపోయారు. కొండ మీద సుబ్రమణ్యస్వామి ముందు నిలబడి, స్వామీ, మా ఆవిడకి రొమ్ములు ఇవ్వు అని మొక్కుతాడు. ఆయనకి ఇద్దరు పెళ్ళాలు, ఆయనకి ఏం బాధ.

ఇల్లు ఖాళీ. కునుకులు లేవు, భయం లేదు. మోటారు వేశాను. ముల్లు జరిపాను. ఎంతసేపు ఉంచానో తెలియదు, ఏడుస్తూ ఉంచాను. తీసేటప్పటికి కుడివైపు నల్లబడింది. చుట్టూ డబ్బా అంచు అచ్చు దిగింది. నల్ల ద్రాక్షల్లాంటి బొబ్బలు, ఒకటి చిట్లింది. పసుపు పెట్టి గుడ్డ కట్టాను.

వాళ్ళు ప్రసాదం తెచ్చారు. కళ్ళకద్దుకుని తిన్నాను.

2 ఆగస్టు

జ్వరం. అత్త వేడి చేసిందనింది. మజ్జిగ తాగమనింది.

4 ఆగస్టు

కుడివైపు రాయిలాగా ఉంది. చెయ్యి పైకి ఎత్తలేను. ఎడమ చేత్తో కప్పులు తగిలిస్తుంటే చుక్కావు కూడా కదలకుండా నిలబడింది. దాని పొదుగు నయమైంది, దానికి రోజూ ఇంజెక్షన్ వేశారు.

నిజంగా పెద్దదైంది. నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇది పోతుందేమో అని మొదటిసారి భయం వేసింది. చిన్నదో పెద్దదో, నాతోపాటు పుట్టింది. దాన్ని ఇట్లా చేశాను.

5 ఆగస్టు, సోమవారం

పాలు పితకలేదు. అత్త లేచేలోపు బ్యాగు తీసుకుని తిరుత్తణి స్టేషన్‌కి పోయాను. ఎలక్ట్రిక్ ట్రైన్‌లో నిలబడే వచ్చాను, ఎవరి మోచెయ్యి తగులుతుందోనని చెయ్యి అడ్డం పెట్టుకుని. తిరువళ్ళూరులో దిగి అమ్మ గుమ్మంలో పడ్డాను.

అమ్మ గుడ్డ విప్పి చూసి అరిచింది. ముకేశ్ కొట్టినాడా, కొరికినాడా అనింది. రోడ్డంతా వాడిని తిడుతూనే నర్సింగ్ హోమ్‌కి తీసుకుపోయింది. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

లేడీ డాక్టరు అమ్మని బయటికి పంపింది. ఎవరు చేశారు, చెప్పు, పోలీసుకి చెప్పాలా అని అరవంలో అడిగింది. పోలీసు అనేసరికి నోరు తెరిచాను. పాల మిషను అని చెప్పాను. ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది. గాలి లాగితే వచ్చేది నీరూ రక్తమూనే, ఒళ్ళు పెరగదు అనింది. లోపల చీము పట్టింది, రేపు కోసి తీయాలి అనింది. కొయ్యకపోతే ఏమవుతుందని అడిగాను. కొయ్యకపోతే మొత్తం పోగొట్టుకుంటావు అనింది.

6 ఆగస్టు, సాయంత్రం

కోశారు. లోపల గుడ్డ కుక్కారు. మత్తు దిగుతూ ఉంది, అక్షరాలు వంకర పోతున్నాయి.

బావ డ్యూటీ నుంచి అట్లాగే వచ్చాడు, సేఫ్టీ బూట్లు, మసి మొహం. అమ్మ గుమ్మంలోనే పట్టుకుని కడిగేసింది. నేనేం చేసినాను అత్తా, నేనేం చేసినాను అని అంటూనే ఉన్నాడు. అమ్మని బయటికి పొమ్మన్నాను. రెండు నెలలు కడుపులో పెట్టుకున్నదంతా వాడి మొహాన కక్కాను. నువ్వు మీ అక్కకి పెట్టిన మెసేజ్ చూసినాను, మంజుకి ఇంకా మార్బు రాలేదు అని పెట్టినావు, ఇదిగో వచ్చింది, చూసుకో అన్నాను.

అర్థం కాలేదు వాడికి. ఏ మెసేజ్ అన్నాడు. ఫోన్ తీసి వెనక్కి వెనక్కి జరిపి వెతికాడు. దొరికింది. పైకి చదివాడు.

మంజుకి ఇంకా మార్పు రాలేదు.

మార్పు. తెలుగు మార్పు.

అరవంలో 'ప'కీ 'బ'కీ ఒకటే అక్షరం. వాడు మార్పు అని రాశాడు, నేను మార్బు అని చదివాను. పైన ఉన్న వదిన వాయిస్ కూడా వినిపించాడు. ఏందిరా, మంజు కోపం ఏమన్నా తగ్గిందా, పిల్ల కాడ మార్పు వచ్చిందా అని అడుగుతుంది. మా ఇళ్ళల్లో ఎవరూ మార్పు అనరు, అరవంలో లాగా మాట్రం అంటారు. వదిన నగరికి పోయి నేర్చుకున్న మాట. వాడు ఆమె మాటే తిప్పి రాశాడు. కొండకి కావడి ఎత్తింది కూడా నా కోపం తగ్గాలనట.

పది దాకా తెలుగు మీడియం చదివిన దాన్ని. అరవ అక్షరం కనబడగానే బుర్ర అరవంలోకి దూకింది. ఈ ఇంట్లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అని ఎంత పొగరు! అడుసు తొక్కింది నేనే, కాలు కోయించుకుంది నేనే.

బావ నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు. మంచం కోడు పట్టుకుని కూచుండిపోయాడు. ఏమైందోనని నర్సు పరిగెత్తుకొచ్చింది.

7 ఆగస్టు

అందరికీ చెప్పేశాడు. అమ్మకి చెప్పాడు, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి. నిన్న వాడిని కడిగేసిన మనిషి ఇవాళ వాడికి ఇడ్లీ కొనుక్కొచ్చింది. వదిన వాయిస్ పంపింది, ఏమ్మా మంజూ, అట్లా చదివినావు, నవ్వీ నవ్వీ పొట్ట చెక్కలైందమ్మా అని. వెనక ఇంకెవరో నవ్వడం వినబడింది. నగరి దాకా పోయింది కథ. నా పుండు మీద ఇంతమంది కూచుని నవ్వుతున్నారు.

నవ్వనిది అత్త ఒక్కతే. ఫోన్ చేసి, మన పాల మిషనుతోనా అనింది. అవునన్నాను. తర్వాత కడిగినావా అనింది.

9 ఆగస్టు

బావ లీవు పొడిగించాడు. ఆరెంజ్ జ్యూస్ తెస్తున్నాడు, దిండు సర్దుతున్నాడు. పిచ్చిదానా, నన్ను ఒక మాట అడగరాదా అని తల నిమిరాడు. అది నిజమే. అడిగుంటే ఇంత జరిగేది కాదు.

అందుకని ఇవాళ అడిగాను. నువ్వు అట్లా రాయలేదు, సరే. అట్లా ఎప్పుడూ అనుకోలేదా అని అడిగాను.

జ్యూస్ గ్లాసు అక్కడ పెట్టాడు. ఫ్యాన్ వైపు చూశాడు. ఇప్పుడు అదంతా ఎందుకు అన్నాడు. చెప్పు అన్నాను. మంచివాడు, అబద్ధం ఆడటం చేతకాదు. నా చెయ్యి పట్టుకున్నాడు. మొదట్లో కొంచెం అనిపించింది మంజూ, నేను అడ్జస్ట్ అయిపోయినాను లే అన్నాడు.

చాలా ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమ చూస్తే ఒళ్ళు మండిపోయింది. నా చేతిని నేను వెనక్కి తీసుకున్నాను. వాడికి అది కూడా అర్థం కాలేదు, నొప్పి పుట్టిందా అని అడిగాడు.

12 ఆగస్టు

డాక్టరు చూసింది. మానుతుందట, పోదట. కుడివైపు గుంట పడుతుంది, అది మాత్రం పూడదనింది.

ఇవాళ్టి నుంచి కట్టు ఇంట్లోనే మార్చుకోవచ్చు. బావ తాను మారుస్తానని సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. వద్దన్నాను. ఒక్కదానివి ఎట్లా చేసుకుంటావు అన్నాడు.

చిన్నదే కదా, ఒక్కదాన్ని చాలు అన్నాను.